మొదటి సూది తనకే: వాల్డెమార్ హాఫ్‌కిన్ జీవితం

ముంబయిలో పరేల్ ప్రాంతం తెలిసినవారికి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు కొత్త కాదు. హైదరాబాదులో పుట్టిన కోవాగ్జిన్ టీకాను తయారుచేయడానికి 2021 ఏప్రిల్‌లో అనుమతి పొందిన ముంబయి సంస్థకు ఉన్నదీ ఆ పేరే. అయితే ఆ పేరుగల మనిషి ఎవరో, మన దేశంలో ఏం చేశాడో, ఏం అనుభవించాడో ఎరిగినవారు తక్కువ. మన సభలకు విచ్చేసేవారిలో వైద్యులు చాలామంది. టీకా వద్దనే తల్లిదండ్రులకు నచ్చచెప్పడం అమెరికాలో వారి రోజువారీ పనిలో భాగమైపోయింది. 2025లో టెక్సాస్‌లో మీజిల్స్ సోకి, మనం తట్టు అంటామే అది, టీకా వేయించని పిల్లలిద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందువల్ల ఈ పాత కథను వారి ముందుంచాలనిపించింది.

హాఫ్‌కిన్ 1860లో నల్లసముద్రతీరాన ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఇలియా మెచ్నికోవ్‌కు శిష్యుడయ్యాడు. యూదులపై దాడులు జరిగినప్పుడు ఎదురు నిలిచి గాయపడ్డాడు, అరెస్టయ్యాడు. మతం మారితే ఉద్యోగం దొరికేది, మారలేదు. జెనీవా మీదుగా 1889లో పారిస్ పాశ్చర్ సంస్థకు చేరాడు. అక్కడ దొరికిన కొలువు గ్రంథాలయంలో సహాయకుడి పని. మిగిలిన సమయంలో కలరా క్రిమిపై పరిశోధన సాగించాడు. 1892 జూలై 18న తాను తయారుచేసిన కలరా టీకాను ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ తర్వాతే మిత్రులకు వేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హాఫ్‌కిన్ వైద్యుడు కాదు, జంతుశాస్త్రజ్ఞుడు. పైగా రష్యా నుంచి వచ్చిన యూదుడు. బ్రిటిష్ ఇండియాలోని సైనిక వైద్యాధికారులకు ఈ రెండూ నచ్చలేదు. తర్వాత జరిగినవాటికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

1893లో ఆయన ఇండియాకు వచ్చాడు. మన ఊళ్లలో గత్తర అని పిలిచిన కలరా అప్పట్లో ఏటా లక్షలమందిని తీసుకుపోయేది. అయినా ఊరు పేరు తెలియని విదేశీయుడు సూది పట్టుకొస్తే ఎవరు ఒప్పుకుంటారు? టీకా వేయించుకుంటే ఒకటి రెండు రోజులు జ్వరం, నొప్పి. కూలి చేసుకునేవారికి ఆ రెండు రోజుల కూలీ పోయినట్టే. అదీ ఒకసారి కాదు, రెండు సూదులు. 1894లో కలకత్తా మురికివాడలకు వెళ్లినప్పుడు జనం రాళ్లు రువ్వారని చెబుతారు. ఆయన వెంట చౌధురి, ఘోష్, చటర్జీ, దత్ అనే బెంగాలీ వైద్యులు ఉండేవారు. జనం చూస్తుండగా ముందు తామే సూది వేయించుకోవడం, ఆ మనుషుల భాషలోనే వారితో మాట్లాడడం పనిచేసింది. కట్టల్ బగాన్ అనే బస్తీలో సుమారు 200 మంది ఉంటే 116 మంది ఒప్పుకున్నారు. కొద్దిరోజులకు అక్కడ మళ్లీ కలరా వచ్చి ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురూ టీకా వేయించుకోనివారే. ఈ వార్త నోటినోటా పాకింది. ప్రభుత్వం ఎన్ని కరపత్రాలు వేసినా రాని నమ్మకం, పక్కింటి సంగతి చూస్తే వచ్చింది.

హాఫ్‌కిన్ ఎవరినీ బలవంతం చేయలేదు. ఒకే వాడలో, ఒకే నీరు తాగేవారిలో వేయించుకున్నవారినీ వేయించుకోనివారినీ లెక్క రాసి, ఆ లెక్కను అందరి ముందూ పెట్టేవాడు. 1895 నాటికి దాదాపు 42,000 మందికి టీకా వేసి, మలేరియాతో కుంగిపోయి ఇంగ్లండు వెళ్లాడు, మళ్లీ తిరిగివచ్చాడు.

1896లో బొంబాయిలో ప్లేగు దిగింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు, ఇదీ ఆయన ప్రయోగశాల. మూడు నెలల్లో టీకా తయారైంది. 1897 జనవరి 10న డాక్టర్ సర్వేయర్ అనే పార్సీ వైద్యుని చేత 10 సి.సి. తనకే ఎక్కించుకున్నాడు. మామూలు మోతాదు కంటే అది చాలా ఎక్కువ. తీవ్రమైన జ్వరం వచ్చినా పనులు మానలేదు. ఆ నెలాఖరున బైకుల్లా జైలులో ప్లేగు కనిపించగా, ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు. టీకా పనిచేయడం మొదలయ్యాక వేయించుకున్నవారెవరూ చావలేదు, వేయించుకోనివారిలో పలువురు చనిపోయారు. ఖైదీ చెప్పే ‘సరే’ ఎంతవరకు స్వేచ్ఛగా చెప్పినదో నేటి వైద్యులు తప్పక అడుగుతారు, అడగవలసిందే.

అదే ఏడాది పూనాలో ప్లేగు పేరిట సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు. ప్రజల కడుపు మండింది. జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. ఆ వాతావరణంలో టీకాపై పుకార్లకు కొదవేముంది? సూది గజం పొడవుంటుందని, గుచ్చగానే చస్తారని, చావకపోతే మగతనం పోతుందని, ఆడవాళ్లకు పిల్లలు పుట్టరని. నూట పాతికేళ్ల తర్వాత వాట్సాప్‌లో వచ్చినవి ఇంతకంటే కొత్తవేమీ కావు! ఈ పుకార్లకు విరుగుడైనవారిలో ఆగాఖాన్ ఒకరు. ఖోజా ముస్లింల గురువైన ఆయన తన భవనాన్ని ప్రయోగశాలకు ఇచ్చి, తన వారందరి ముందూ ఒకటికి రెండుసార్లు సూది వేయించుకున్నాడు. వేలమంది ఖోజాలు ఆయన వెనుక నడిచారు. 1899లో ప్రయోగశాల పరేల్‌లోని పాత గవర్నర్ భవనానికి మారింది.

ఇక దెబ్బ తగిలింది పంజాబులో. 1902 అక్టోబరు 30న ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. వారిలో ఒకే సీసాలోని మందు ఎక్కించుకున్న 19 మందికి ధనుర్వాతం వచ్చి, అందరూ చనిపోయారు. పంతొమ్మిది ప్రాణాలు! పంజాబులో ప్లేగు టీకా పథకం కుప్పకూలింది. విచారణ సంఘం నేరం బొంబాయి ప్రయోగశాలదేనన్న వైపు మొగ్గింది. హాఫ్‌కిన్ ఉద్యోగం పోయింది. తప్పు ప్రయోగశాలలో జరిగి ఉంటే ధనుర్వాత క్రిమి సీసాలో రోజుల తరబడి పెరిగి, మూత తీయగానే దుర్వాసన వచ్చేది. అటువంటిదేమీ లేదు. పైగా ఊళ్లో సీసా తెరిచేటప్పుడు పట్టకారు నేలమీద పడిందని, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని సాక్ష్యం ఉంది. ఆ వివరాలు బయటకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆలోగా అనుమానం తనపని తాను చేసుకుపోయింది. నిజం ఆలస్యమైతే నష్టం ఎవరికో ప్లేగు మృతుల లెక్కలే చెబుతాయి: 1896 తర్వాతి పాతికేళ్లలో మన దేశంలో కోటిమందికి పైగా చనిపోయారు.

మలేరియా రహస్యం కనిపెట్టిన రొనాల్డ్ రాస్ ఆయన పక్షాన గట్టిగా నిలిచాడు. 1907 జూలైలో రాస్‌తోపాటు మరికొందరు ప్రముఖ శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాశారు. ఆ ఏడాది చివరకు నింద తొలగింది. కాని బొంబాయి పదవి తిరిగి దక్కలేదు. కలకత్తాలో ఉద్యోగమిచ్చారు గాని మనుషులపై టీకా ప్రయత్నాలకు వీల్లేకుండా చేశారు. అక్కడే కొన్నేళ్లు గడిపి, పదవీ విరమణ చేసి ఐరోపాకు వెళ్లిపోయాడు. పెళ్లి చేసుకోలేదు.

1925లో పరేల్ ప్రయోగశాలకు హాఫ్‌కిన్ పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి, తన జీవితంలో మంచి ఏళ్లన్నీ బొంబాయి పనిలోనే గడిచాయని ఆయన కృతజ్ఞతతో జవాబు రాశాడు. అయిదేళ్ల తర్వాత, 1930 అక్టోబరు 26న, స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో ఒంటరిగా కన్నుమూశాడు.