మన కల్నల్ నాయుడు గారు

ఈ సంచికలో ఒక తెలుగు క్రీడాకారుడి గురించి రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ఇంకొకరి పేరు తోచలేదు. డిగ్నాబాద్‌లో మా ఇంటి దగ్గర సాయంత్రమైతే పిల్లలు రబ్బరు బంతితో క్రికెట్ ఆడుతుంటారు. తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ అన్నీ కలిపి అరుచుకుంటారు. నేటి ఆటగాళ్ళ స్కోర్లన్నీ వాళ్ళకి నోటికి వచ్చు. టెస్టుల్లో మన దేశానికి మొట్టమొదటి కెప్టెన్ ఎవర్రా అంటే మాత్రం తెల్లముఖం వేస్తారు. ఆయన తెలుగువాడు, పైగా కల్నల్ అని చెబితే అసలు నమ్మరు.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం. 1916లో హిందూ జట్టు తరఫున పెద్ద ఆటలోకి దిగారు. 1923లో హోల్కర్ మహారాజు ఆయన్ని ఇండోర్‌కు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత కల్నల్ అయ్యారు. అది సంస్థానం ఇచ్చిన హోదా కదా, మన కమిషన్‌తో సమానమా అని కొందరంటారు. కాదు, నిజమే. కానీ ఆ హోదాకు తగ్గ నడవడిక ఆయన గ్రౌండులో చూపించారా లేదా అన్నది చూడాలి గదా.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో జరిగిన సంగతి అందరికీ తెలిసిందే అయినా చెప్పక తప్పదు. గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు వచ్చింది. నాయుడు గారు రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు కొట్టారు. అందులో సిక్సర్లే 11! మైదానం చుట్టుపక్కల చెట్లూ, మేడలూ ఎక్కి జనం చూశారట. ఓడించడానికి వచ్చినవాళ్ళే ఆయనకు వెండి బ్యాటు బహూకరించి వెళ్ళారు. భారతీయులు టెస్టులు ఆడగలరన్న నమ్మకం గిల్లిగన్‌కు కలగడంలో ఆ ఇన్నింగ్సు పాత్ర చిన్నది కాదు.

ఆరేళ్ళకు, 1932లో, మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామ్‌సింహ్‌జీ. ఆ రోజుల్లో జట్టును నడిపేది రాజవంశీకులే, ఆట వచ్చినా రాకపోయినా. అయితే పోర్‌బందర్ మహారాజు తన ఆట ఎంతో తాను ఎరిగిన మనిషి. టెస్టుకు తనంతట తానే తప్పుకున్నారు. లింబ్డీ కుమారుడికి గాయమైంది. అలా జూన్ 25న లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు నాయుడు గారు సారథి అయ్యారు. రాజు కానివాడి కింద ఆడమని కొందరు ఆటగాళ్ళు తెల్లవారుజామున మహారాజు తలుపు తట్టారనీ, పటియాలా మహారాజు నుంచి గట్టి ఆదేశం వచ్చాకే దారికి వచ్చారనీ చెప్పుకుంటారు. యూనిఫారం వేసుకున్నవాళ్ళకు ఆ పరిస్థితి ఎలాంటిదో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆట మొదలైన అరగంటలోనే ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకుంది! ఫీల్డింగులో చెయ్యి దెబ్బతిన్నా నాయుడు గారు బ్యాటు పట్టి మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే ఎక్కువ. 158 పరుగుల తేడాతో ఓడాం, కానీ మనోళ్ళని తక్కువగా చూసే రోజులు ఆ మూడు రోజుల్లోనే పోయాయి. ఆ పర్యటన మొత్తంమీద ఆయన 1618 పరుగులు చేశారు. విజ్డెన్ వారు 1933 సంచికలో ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఎంచారు. 1933-34లో జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే కెప్టెన్.

1936లో కథ తిరగబడింది. కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్ విజ్జీ గారికి దక్కింది. ఇద్దరూ తెలుగువారే, చూడండి విచిత్రం! విజ్జీ మూడు టెస్టుల్లోనూ కలిపి చేసింది 33 పరుగులు. జట్టు ముఠాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. రెండు టెస్టులు ఓడాం. పోర్‌బందర్ మహారాజు చేసిన పని ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. నాయుడు గారికి అప్పటికి నలభై ఏళ్ళు. ఓవల్‌లో అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా నిలబడి 81 కొట్టారు. ఆయన ఆడిన ఏడు టెస్టుల్లో అదే చివరిది, అత్యధిక స్కోరూ అదే. మొత్తం 350 పరుగులు, 9 వికెట్లు. ఈ అంకెలు చూసి ఆయన్ని కొలిస్తే మోసపోతాం.

అసలు నాయుడు గారు కనిపించేది ఇండోర్‌లో. నేను మహూలో కోర్సు చేసిన రోజుల్లో ఆదివారాలు ఇండోర్ వెళ్ళేవాణ్ణి. పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడి పెద్దవాళ్ళు ఆయన్ని పేరుతో కాదు, కల్నల్ సాబ్ అనే తలుచుకునేవారు. ముస్తాక్ అలీ, సర్వతే, తమ్ముడు సి.ఎస్. నాయుడు లాంటివాళ్ళతో హోల్కర్ జట్టును ఒక పలటన్ లాగా నడిపారు. ఆలస్యంగా రావడం, దెబ్బ తగిలిందని కూర్చోవడం ఆయన దగ్గర కుదరదు. 1944-45 ఫైనల్లో, యుద్ధకాలంలో మహూలో డ్యూటీలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా హోల్కర్ తరఫున ఆడి 249 నాటౌట్ చేశాడు. ఆ మ్యాచ్ బొంబాయికి పోయింది. మరుసటి ఏడాది బరోడాతో జరిగిన ఫైనల్లో యాభై ఏళ్ళ నాయుడు గారు 200 కొట్టి కప్పు తెచ్చారు! 1947-48, 1950-51, 1952-53లలో కూడా ఆయన చేతికే రంజీ ట్రోఫీ వచ్చింది. 56 ఏళ్ళప్పుడు ఫడ్కర్ బంతికి పళ్ళు ఊడితే, వాటిని పిచ్ మీంచి పక్కకు తోసి, బౌలింగ్ తగ్గించొద్దని సైగ చేశారని చెబుతారు.

1953-54లో ఆంధ్ర తరఫున రంజీ ఆడారు. 61 ఏళ్ళకు ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 68వ ఏట కూడా ఒక ధర్మార్థ మ్యాచ్‌లో బ్యాటు పట్టారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. క్రికెట్ బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం 1994 నుంచి ఆయన పేరు మీదే ఉంది. కుమార్తె చంద్రా నాయుడు గారు మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. తండ్రిగారి మీద ఒక పుస్తకం కూడా రాశారు. ఆమె 2021లో ఇండోర్‌లోనే మరణించారు.