ధర్మపురిలో మన్రో దొర నూతన జీవితము

క్రొత్త పనికి పూనుకొనవలెనన్న ముందుగా ఉత్సాహము కలుగవలెనని, తీరిక దొరకవలెనని, తగిన గురువు లభింపవలెనని పెక్కుమంది తలంతురు. అవి యన్నియు సమకూరు వరకు ఆగినవారికి వయస్సు గడచిపోవును గాని పని మొదలు కాదు. పనిలో దిగిన పిదపనే ఉత్సాహము దాని వెంట వచ్చుననుటకు సర్ థామస్ మన్రో జీవితము మంచి నిదర్శనము. రాయలసీమ ప్రజలు మండ్రో దొర యని ఆయనను తమవానిగా చెప్పుకొందురు. అయితే ఆ పేరు తెచ్చిపెట్టిన విద్యను ఆయన అభ్యసించినది రాయలసీమలో కాదు. నేటి తమిళనాడులోని ధర్మపురి ఆయనకు పాఠశాల.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో పట్టణములో జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము చేయు వర్తకుడు. చిన్ననాట తట్టు సోకి మన్రోకు చెవులు కొంత మందగించెను. ఆ లోపము జీవితాంతము వదలలేదు. చదువులో మాత్రము ఆయనకు పట్టుదల మెండు. స్పెయిను దేశపు ప్రసిద్ధ కథయగు డాన్ క్విక్సోట్‌ను మూలములోనే చదువవలెనను కోరికతో, బడిలో చెప్పని ఆ భాషను తనంత తానుగా నేర్చుకొనెను. ఇష్టమైన పుస్తక మొకటి క్రొత్త భాషకు ద్వారము తెరచినది. ఈ స్వభావమే తరువాత ఆయనను నడిపించెను.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధముతో తండ్రి వ్యాపారము కూలిపోయెను. కుటుంబము అప్పులపాలయ్యెను. చదువు అంతటితో నిలిచెను. ఈస్టిండియా కంపెనీ కాలిబంటు సైన్యములో కేడెట్టుగా చేరి 1780 జనవరిలో మన్రో మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆ సంవత్సరమే హైదరాలీతో యుద్ధము ముంచుకొనివచ్చెను. తరువాతి పండ్రెండేండ్లు గుడారములలోను, దండయాత్రలలోను గడచెను. చేతిలో మిగిలిన కొద్ది సొమ్ము ఇంటికి పంపుచు, ఖాళీ సమయములో పారసీ, హిందూస్తానీ భాషలు నేర్చెను. షేక్స్పియరు నాటకములో అప్పు తీర్చని వాని దేహమునుండి మాంసము కోసి ఇమ్మని షైలాకు అడిగిన కథ వంటిది ఒకటి పారసీ వ్రాతప్రతిలో కనబడగా దానిని ఆంగ్లములోనికి తెచ్చెను. 1788లో గుంటూరు సర్కారు నైజామునుండి కంపెనీ వశమైనప్పుడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అను అధికారి క్రింద అక్కడ పనిచేసెను. సైన్యములో ఆయన హోదా మాత్రము ఇంకను లెఫ్టినెంటు హోదాయే.

1792 మార్చిలో శ్రీరంగపట్టణము సంధి జరిగెను. టిప్పు సుల్తాను తన రాజ్యములో సగము వదలుకొనవలసివచ్చెను. అందు బారామహల్ సీమ కంపెనీ పాలయ్యెను. నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతములు ఆ సీమలోనివి. క్రొత్తగా వచ్చిన ఆ సీమకు కలెక్టర్లు కావలసివచ్చిరి. కంపెనీ సివిలు ఉద్యోగులలో ప్రజల భాషలు తెలిసినవారు మిక్కిలి అరుదు. గవర్నరు జనరలు కార్న్‌వాలిసు ఆ లోటు గమనించి, ఎవ్వరును ఊహింపని విధముగా, ఆ పనిని సైనికుల కప్పగించెను. రీడ్ అధికారిగాను, మన్రో, మెక్లౌడ్, గ్రాహమ్ అను మువ్వురు ఆయనకు సహాయులుగాను నియమింపబడిరి. మన్రో భాగమునకు ధర్మపురి ముఖ్యస్థానము.

ధర్మపురి పూర్వనామము తగడూరు. అధియమానుల కాలమునుండి ప్రసిద్ధి కెక్కిన ఊరు. తమిళము, తెలుగు, కన్నడము మాటలాడు జనులు కలిసి బ్రదుకు సీమ అది. మన్రో వచ్చునప్పటికి వరుస యుద్ధములవలన పల్లెలు చితికియుండెను. ఆయనకా, భూమిశిస్తు లెక్కలు కొత్త. మాగాణి ఏది, మెట్ట ఏది, చెరువు క్రింది నేల ఎంత పండును, బావి క్రింది నేల ఎంత పండును అనునవి ఏ సైనిక శిక్షణలోను చెప్పరు. ముప్పదియొకటవ యేట, పండ్రెండేండ్ల కత్తి పనిని ప్రక్కనబెట్టి, మరల అక్షరాభ్యాసము చేయవలసివచ్చెను. కరణములు ఇచ్చిన లెక్కలపై సంతకము చేసి రొక్కము వసూలు చేసిన చాలును, ఉద్యోగము సాగిపోవును. అట్లు సాగించినవారు ఆ కాలమున కొల్లలు.

మన్రో గుడారము వెంటబెట్టుకొని ఊరూరు తిరిగెను. తెల్లవారినది మొదలు రైతులు గుడారము చుట్టును మూగెడివారు. ఒకడు తన తండ్రి ముప్పదియేండ్ల క్రిందట చేసిన అప్పు వృత్తాంతము చెప్పును. ఒకడు యుద్ధకాలములో తాను ఊర లేనప్పుడు అన్న ఆస్తి కాజేసెనని మొరపెట్టుకొనును. మరియొకడు తనకున్న ఒక్క ఆవు చచ్చినది గనుక ఈ యేటి శిస్తు కట్టజాలననును. శిస్తు పనికి ఈ కథలతో నిమిత్తమేమని త్రోసివేయుట సులభము. మందమైన చెవితోనే మన్రో వానిని విని, ఇంటికి వ్రాసిన ఉత్తరములలో కూడ వర్ణించెను. ఆ ఆవు చచ్చిన రైతు కథ వినకుండ ఆ పొలముపై ఎంత శిస్తు న్యాయమో తేల్చుట అసాధ్యమని ఆయనకు క్రమముగా బోధపడెను. క్రొత్త పనిపై ఆసక్తి అక్కడ పుట్టినది. పై అధికారుల మెప్పు కొరకు మొదలైనది, ఎదుట నిలిచిన మనుష్యుని గోడు తీర్చుటకు మారెను.

రీడ్ నాయకత్వమున బారామహల్ పొలములన్నియు కొలిపించిరి. గ్రామమంతటికి ఒక మొత్తము నిర్ణయించి ఒక పెద్దమనుష్యుని నెత్తిన పెట్టుటకు బదులు, ఏ రైతు ఏ పొలము దున్నుచున్నాడో చూచి అతనితోనే నేరుగా ఏర్పాటు చేసికొను పద్ధతి అక్కడ రూపు దాల్చెను. 1796 చివర రీడ్ ఇచ్చిన ఆజ్ఞవలన రైతు ఏటేట తనకు చాలినంత భూమి ఉంచుకొని, చాలని భూమిని వదలుకొనుటకు వీలు కలిగెను. తరువాత రైత్వారీ యని దేశమంతట ప్రసిద్ధమైన పద్ధతికి ఇది మూలము. ఆ ఆలోచన మొదట రీడ్‌ది. దానిని పెంచి పెద్దచేసినవాడు మన్రో.

ఈ సందడిలోనే ఆయన మరియొక పని చేపట్టెను. ధర్మపురిలో ఒక తోట వేసెను. ఆ ఊరు తన సొంతము కాదు, ఉద్యోగము స్థిరము కాదు. ఎప్పుడు ఏ ఉత్తరువు వచ్చి కదలవలసివచ్చునో తెలియదు. చెట్టు నాటినవాడు పండు తినునన్న నమ్మకము లేదు. అయినను నాటెను. పగలంతయు ఇతరుల పొలముల లెక్క చూచిన మనుష్యునకు, తన చేతి క్రింద మొక్క యెదుగుట చూచుట విశ్రాంతియు, విద్యయు కూడ అయ్యెను. నేల, నీరు, కాలము అనునవి కాగితముపై అంకెలు కావని మొక్క నేర్పినట్లు ఏ దఫ్తరమును నేర్పజాలదు.

ధర్మపురిలో ఏడేండ్లు గడచెను. 1799లో టిప్పు మరణించి మైసూరు యుద్ధము ముగియగానే మన్రోను పడమటి తీరమందలి కెనరా సీమకు పంపిరి. ఉద్యోగరీత్యా అది హెచ్చింపే. కాని బారామహల్ విడిచిపోవుట ఆయనకు మిక్కిలి కష్టమయ్యెను. ఆ కొండలను, ఆ తోటను తలచుకొని బంధువులకు బెంగతో వ్రాసెను. కెనరాలో మనసు నిలువక బదిలీ కోరుకొనెను.

1800లో నైజాము కంపెనీకి వదలిన బళ్లారి, అనంతపురము, కడప మొదలైన ప్రాంతములకు, అనగా దత్తమండలమునకు, మన్రో ముఖ్య కలెక్టరయ్యెను. ధర్మపురిలో నేర్చిన విద్య అచ్చట పెద్ద పొలములో ఫలించెను. 1802 జూన్‌లో నలుగురు గుమాస్తాలతో కొలత ప్రారంభమయ్యెను. వారు ఇతరులకు నేర్పగా కొలతగాండ్ర సంఖ్య నూరు వరకు పెరిగెను. ముప్పదిమూడు అడుగుల గొలుసుతో కొలిచిరి. అట్టి గొలుసు పొడవు, వెడల్పు గల నేల 121 చదరపు గజములు. తెలంగాణ రైతులు నేటికిని గుంట యని చెప్పు కొలత యిదియే. నలువది గుంటలు ఒక ఎకరము.

పద్ధతి మంచిదైనంత మాత్రమున రైతు కష్టము తీరలేదు. శిస్తు భారము ఎక్కువ. పంటలో సగమునకు కొంచెము తక్కువగా సర్కారు తీసికొనుచుండెను. తాను వేసిన లెక్కయే రైతునకు బరువగుచున్నదని చూచి మన్రో 1807లో శిస్తు నూటికి ఇరువదియైదు వంతున తగ్గింపవలెనని, బావి, చెరువు నేలలకు మరికొంత తగ్గింపవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. ప్రభుత్వము వినలేదు. ఆ సంవత్సరమే ఆయన స్వదేశమునకు పోయెను. పిమ్మట గ్రామములను మొదట మూడేండ్లకు, తరువాత పదియేండ్లకు గుత్తకిచ్చిరి. ఆ గుత్తలు విఫలమై రైతులు చితికిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన పిదపనే రైత్వారీ స్థిరపడెను. దత్తమండలములో ఆ తగ్గింపు అమలులోనికి వచ్చెను. పదమూడేండ్లు ఆగవలసివచ్చినను ఆయన ఆ మాట మరువలేదు.

ధర్మపురి పాఠము ఇతరులకును అందెను. 1820లో సెయింట్ జార్జి కోట కళాశాలలో చదువు ముగించుకొని ఉద్యోగములకు పోవు యువకుల నుద్దేశించి గవర్నరు మన్రో ప్రసంగించెను. ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు మేలు చేయజాలడని అందలి సారము. భాష తెలిసినందువలననే బారామహల్‌లో తనకు పని దొరికినదని ఎరిగినవాడు గనుక ఆ హితవు ఆయన నోట తగియుండెను. విన్నవారిలో ఇరువదియొక్క యేండ్ల చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. ఆ యేడే అతడు కడపకు ఉద్యోగముపై పోయెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించి, 1852లో తెలుగు-ఆంగ్ల నిఘంటువును వెలువరించి, తాళపత్రములలో నశించుచుండిన తెలుగు గ్రంథములను కాపాడినవాడు ఆ బ్రౌనే.

పదవి విరమించుటకు సిద్ధమైన మన్రో, స్వదేశమునకు పోవుటకు ముందు తన పాత సీమను ఒక్కసారి చూడవలెనని 1827లో దత్తమండలమునకు బయలుదేరెను. దారిలో కలరా వ్యాపించియుండెను. జూలై 6వ తేదీన కర్నూలు సీమలోని పత్తికొండలో ఆ వ్యాధి సోకి ఆనాడే మరణించెను. గుత్తిలో సమాధి చేసిరి. తరువాత అవశేషములను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చిరి. పత్తికొండలో ఆయన స్మారకముగా ఒక బావి త్రవ్వించి, చింతతోపు వేయించిరి. రాయలసీమ తల్లిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ యను పేర్లు పెట్టుకొనిరి.

మన్రో కంపెనీ సేవకుడు. పరప్రభుత్వమునకు శిస్తు వసూలు చేసినవాడు. ఆ సత్యమును కప్పిపుచ్చ నవసరము లేదు. కాని ముప్పదియేండ్లు దాటిన తరువాత, తెలియని సీమలో, తెలియని విద్యకు ఓనమాలు దిద్దుకొని, ఎదుటివాని కష్టమునుండియే పట్టుదల పుట్టించుకొన్న విధము ఏ కాలమువారికైనను ఉపయోగించును. చేయదలచిన పనికి ఈడు దాటిపోయినదని కూర్చుండువారు ధర్మపురిలో మొక్క నాటిన ఆ లెఫ్టినెంటును ఒకమారు తలచుకొనవచ్చును. నేల తనది కాకున్నను, నీడ తనకు దక్కకున్నను, నాటుట మాత్రము తన చేతిలోని పనియే.