పడి లేచిన పరుగువీరుడు

మారథాన్ పరుగు దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన ములుగు నుండి హన్మకొండకు బస్సు దారి అంతకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ దూరం పరుగెత్తి, చేతికందిన గెలుపును పోగొట్టుకొని కూడా లోకమంతటా పేరు పొందినవాడు ఇటలీ దేశస్థుడు దొరాందో పియెత్రి.

ఈయన 1885లో సామాన్య కుటుంబంలో పుట్టాడు. కార్పి పట్టణంలో మిఠాయి దుకాణంలో పనిచేస్తూ పరుగు సాధన చేశాడు. 1908 జూలై 24న లండన్ ఒలింపిక్స్‌లో అందరికన్నా ముందు స్టేడియంలో అడుగుపెట్టాడు. కాని అప్పటికే ఒళ్లు సోలిపోయింది. దారి తప్పాడు, పలుమార్లు కూలిపోయాడు. చూడలేక అధికారులు చేయందించి లేపారు. మొదట గీత దాటింది ఆయనే. అయితే ఇతరుల సాయం పొందాడని అమెరికా జట్టు అభ్యంతరం చెప్పగా, బంగారు పతకం రెండవవాడైన జానీ హేస్‌కు దక్కింది. మరునాడు అలెగ్జాండ్రా రాణి దొరాందోకు బంగారు పూత గల వెండి కప్పు బహూకరించింది.

ఆయన కుంగిపోలేదు. పరుగునే వృత్తిగా చేసుకొని, అదే ఏడు నవంబరులో న్యూయార్కులో హేస్‌ను ఓడించాడు. 1911లో పరుగు విరమించాడు. తరువాత పెట్టిన హోటలు నష్టపోయింది. సాన్‌రెమోలో మోటారు గ్యారేజీ నడుపుకొని బ్రతికి, 1942లో కన్నుమూశాడు.

పందెంలో చేయూత నిబంధనకు విరుద్ధం. విశ్వాస జీవితంలో అలా కాదు. సిలువ మార్గంలో మన ప్రభువు మూడుసార్లు పడ్డాడు. కురేనియుడైన సీమోను ఆయన సిలువను మోశాడు. పదవ తరగతి తప్పిన బిడ్డ మీ ఇంట కూలబడి ఉంటే, నింద మాని చేయందించండి.