కోర్డోబా నుంచి కైరో దాకా.. యూదు ధర్మానికి పదమూడు సూత్రాలు రాసిన వలస వైద్యుడు

శుక్రవారం పొద్దు గూకకముందే కొవ్వొత్తులు వెలిగించి, శనివారం పనులన్నీ పక్కనపెట్టే యూదు కుటుంబాలు మనలో చాలామందికి ఇరుగుపొరుగే. ఇంతకీ వాళ్లు నమ్మేదేమిటి? జవాబు కావాలంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి, ఈజిప్టులో స్థిరపడిన ఒక వలస వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఆయన పేరు మోషే బెన్ మైమోన్. యూదులు ‘రంబమ్’ అంటారు, మిగతా ప్రపంచానికి మైమోనిడెస్. 1138 ప్రాంతంలో స్పెయిన్‌లోని కోర్డోబాలో పుట్టారు. తండ్రి యూదు న్యాయపండితుడు. 1148లో అల్మోహద్‌లు ఊరిని పట్టుకున్నాక యూదులకు మిగిలినవి మతం మారడమో, ఇల్లు విడవడమో. ఆ కుటుంబం ఏళ్ల తరబడి తిరిగి చివరికి మొరాకోలోని ఫెజ్ చేరింది. అక్కడా అదే పాలన. పైకి మతం మారి లోపల యూదులుగా బతుకుతున్న వాళ్ల ప్రార్థనలు చెల్లవని ఒక పండితుడు తేల్చేశాడు. మైమోనిడెస్ ఒప్పుకోలేదు. భయంతో మాట అన్నవాడు మనవాడు కాకుండా పోడనీ, చాటుగా చేసిన చిన్న ధర్మానికీ ఫలం ఉంటుందనీ లేఖ రాశారు. అయితే వీలు చిక్కగానే ఆ దేశం వదిలి వెళ్లాలని గట్టిగా చెప్పారు. ఆయనా 1165లో ఓడెక్కి ఆక్రే రేవులో దిగారు, అటునుంచి కైరో పక్కనున్న ఫుస్తాత్‌కు చేరారు.

ఈ తిరుగుళ్లలోనే ‘మిష్నా’ అనే యూదు ధర్మశాస్త్రానికి అరబ్బీలో వ్యాఖ్య రాస్తూ వచ్చి, 1168లో ముగించారు. ప్రసిద్ధమైన పదమూడు సూత్రాలు అందులోవే. సృష్టికర్త ఒక్కడే. ఆయనకు ఆది లేదు, శరీరం లేదు. పూజ ఆయనకే. ప్రవక్తల మాట సత్యం, వారిలో మోషే మిన్న. ‘తోరా’ దైవదత్తం, మారనిది. మనిషి చేసేదంతా దేవుడు ఎరుగును, తగిన ఫలమూ ఇస్తాడు. మెస్సయ్య వస్తాడు, మృతులు లేస్తారు. వీటిలో దేవుడికి రూపం లేదన్న దాని మీద ఆయనకు పట్టుదల ఎక్కువ. గ్రంథంలో దేవుడి చెయ్యి, దేవుడి కన్ను అని ఉంటే అవి మనకు అర్థం కావడానికి వాడిన మాటలే తప్ప అవయవాలు కావని తర్వాత రాసిన ‘సందేహగ్రస్తుల మార్గదర్శి’లో అధ్యాయాల కొద్దీ వివరించారు. నిరాకారం అన్న మాట ఎరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

అయితే యూదు ధర్మంలో నమ్మకం కంటే ఆచరణదే పెద్దపీట. తోరాలో 613 ఆజ్ఞలున్నాయని సంప్రదాయం చెబుతుంది. ఆయన వాటిని లెక్కగట్టి, పద్నాలుగు భాగాల ‘మిష్నే తోరా’లో ధర్మశాస్త్రమంతా సులువైన హీబ్రూలో అమర్చారు. దానానికి అందులో ఎనిమిది మెట్లున్నాయి. ముఖం చిట్లించి ఇచ్చేది అట్టడుగు మెట్టు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు తెలియకుండా జరిగేది పైనుంచి రెండోది. అప్పో, పనో, వ్యాపారంలో వాటాయో ఇచ్చి, ఇంకొకరి ముందు చెయ్యి చాచే అవసరం రాకుండా నిలబెట్టడమే అన్నిటికన్నా మేలు.

మొదట్లో రాసుకునే తీరిక ఆయనకు తమ్ముడు డేవిడ్ ఇచ్చాడు. రత్నాల వర్తకుడైన డేవిడే ఇల్లు నడిపేవాడు. భారతదేశానికి సరుకు కోసం బయల్దేరి, హిందూ మహాసముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. ఇంటి సొమ్ముతో పాటు ఇతరుల సొమ్మూ పోయింది. భార్య, చిన్న కూతురు మిగిలారు. మైమోనిడెస్ ఏడాదిపాటు మంచం పట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత రాసిన లేఖలోనూ ఆ దుఃఖం తగ్గలేదు. శాస్త్రజ్ఞానాన్ని అమ్ముకుని బతకడం తప్పని నమ్మిన మనిషి కనుక వైద్యం చేపట్టారు, సలాదిన్ ఆస్థానం దాకా వెళ్లారు. పొద్దున్నే కైరో వెళ్లి మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరితే, అరుగు నిండా రోగులు.. యూదులు, ముస్లింలు, పెద్దలు, పేదలు. నాలుగు ముద్దలు తిని, అలసటతో పడుకునే మందులు చెప్పేవారు.

ఇస్లాం నుంచి యూదు మతంలోకి వచ్చిన ఒబద్యా అనే వ్యక్తి ఒక సందేహం పంపాడు. ప్రార్థనలో ‘మా పితరుల దేవా’ అనే హక్కు నాకుందా అని. నిస్సంకోచంగా అనమన్నారు మైమోనిడెస్. అబ్రహాము దారిన నడిచేవారందరికీ అబ్రహామే తండ్రి అన్నారు. ఒబద్యాను మూర్ఖుడని కించపరిచిన గురువు క్షమాపణ కోరాలనీ రాశారు. నా మటుకు ఆయన రాసిన పెద్ద గ్రంథాలకన్నా ఈ లేఖ గొప్పది.

ఆయన్ని అందరూ మెచ్చలేదు. ఆధారాలు చూపకుండా ధర్మశాస్త్రం రాశారని కొందరు, తత్వశాస్త్రం కలిపారని మరికొందరు మండిపడ్డారు. పదమూడు ఎందుకు, మూడు చాలని తర్వాతి పండితులు వాదించారు. అయినా ఆ పదమూడూ ‘యిగ్దల్’ అనే గీతంగా మారి నేటికీ ప్రార్థనా మందిరాల్లో వినిపిస్తున్నాయి.

1204లో కన్నుమూసిన ఆయన సమాధి తిబెరియస్‌లో ఉందని సంప్రదాయం. ఫుస్తాత్‌లోని పాత ప్రార్థనా మందిరంలో దొరికిన కాగితాల్లో ఆయన స్వదస్తూరీ పుటలు ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఎర్రసముద్రపు రేవు ఐదాబ్‌లో సరుకు దొరకలేదనీ, అందుకే భారతదేశం వెళ్తున్నాననీ, దిగులు పడవద్దనీ డేవిడ్ అన్నకు రాసిన ఉత్తరం కూడా అక్కడే ఉంది.