పరీక్ష వ్రాయని గురువు: ఫ్లోరెన్స్ నైటింగేల్

మన కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి నర్సింగ్ శిక్షణకు వెళ్ళిన విద్యార్థినులు సెలవులకు వచ్చినప్పుడు గ్రంథాలయంలో కనిపిస్తూ ఉంటారు. వారిలో చివరి సంవత్సరం వారిని గుర్తుపట్టడం కష్టం కాదు. చేతిలో లావుపాటి పుస్తకాలు, చంకలో ప్రాక్టికల్ రికార్డు, కళ్ళలో నిద్రలేమి. ఆఖరి పరీక్షకు సిద్ధమవుతున్న ఒకామె ఒకనాడు నన్నొక ప్రశ్న అడిగింది. రోగికి సేవ చేయడానికి ఇన్ని పుటలు కంఠస్థం చేయడం దేనికనీ, ఫ్లోరెన్స్ నైటింగేల్ ఏ పరీక్ష వ్రాసి నర్సు అయిందనీ ఆమె సందేహం. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

చేత దీపం ధరించి క్షతగాత్రుల నడుమ తిరిగిన దయామయిగా నైటింగేల్‌ను పాఠశాలలో మనమందరం చదువుకున్నాం. తెలుగు వాచకంలోను, ఉర్దూ వాచకంలోను ఆమె చిత్రం అదే. అయితే ఆ మహనీయురాలు వార్ధక్యంలో కొన్ని సంవత్సరాలపాటు నర్సుల పరీక్ష అనే విషయం మీదనే గట్టి పోరాటం సాగించిందనీ, అదీ పరీక్షకు వ్యతిరేకంగా సాగించిందనీ చాలామందికి తెలియదు. ఆ వైపు నుండి ఆమె జీవితాన్ని పరికించడమే ఈ వ్యాసోద్దేశం.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశపు ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల దంపతులకు జన్మించింది. పుట్టిన ఊరి పేరే పెట్టారు. తండ్రి విలియం నైటింగేల్ విద్యాప్రియుడు. కుమార్తెలిద్దరికీ గ్రీకు, లాటిన్, చరిత్ర తానే బోధించాడు. చిన్న కుమార్తె ఫ్లోరెన్స్‌కు గణితమంటే ప్రాణం. వేసవికి ఒక భవనం, శీతకాలానికి మరొక భవనం, విందులు, విహారాలు. ఇన్ని ఉన్నా ఆ పిల్ల మనస్సు వేరొక దారిన నడిచింది. పదిహేడవ ఏట దైవం తనను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచింది. ఆ సేవ ఏదో తెలియడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

అది రోగి పరిచర్య అని తేల్చుకున్నాక ఇంటిలో పెద్ద తుఫాను చెలరేగింది. ఆ దినాలలో ఇంగ్లండు ఆసుపత్రి నర్సు అంటే చదువు లేని, తాగుడుకు అలవాటుపడిన స్త్రీ అనే అపప్రథ ఉండేది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని మాసాలు పని నేర్చుకుంటానని ఆమె కోరగా తల్లి, అక్క ససేమిరా అన్నారు. ఫ్లోరెన్స్ ఎదురు తిరగలేదు, మానుకోనూలేదు. తెల్లవారుజామున ఇల్లంతా నిద్రిస్తూ ఉండగా లేచి, కొవ్వొత్తి వెలుగులో ప్రభుత్వ నివేదికలు, ఆసుపత్రుల లెక్కలు తెప్పించుకొని చదివి, పుస్తకాలకు పుస్తకాలు టిప్పణులు వ్రాసుకొన్నది. ఉదయ ఫలాహారపు గంట మ్రోగగానే ఏమీ ఎరుగనట్లు క్రిందికి వెళ్ళి ఇంటి కుమార్తెలా కూర్చొనేది. ఏ పరీక్షాధికారీ ప్రశ్నాపత్రం ఇవ్వని చదువు ఇది. ఇలాగే ఏండ్లు గడిచాయి. 1849లో ఎంతో కాలంగా తనను కోరుతున్న ఒక సుసంపన్నుని వివాహ ప్రతిపాదనను సైతం తిరస్కరించింది.

చివరకు 1851లో, ముప్పది యొకటవ ఏట, జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట క్రైస్తవ సేవికల ఆశ్రమంలో సుమారు మూడు మాసాలు పని నేర్చుకొన్నది. ఆమె పొందిన క్రమమైన శిక్షణ చెప్పుకోదగినంతలో అదే. 1853లో లండనులో ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైంది. మరుసటి సంవత్సరమే క్రిమియా యుద్ధం వచ్చింది.

1854 నవంబరు 4న ఆమె 38 మంది నర్సులతో స్కుటారి చేరింది. ఇస్తాంబూల్ నగరానికి ఆసియా తీరంలో, నేడు ఉస్కుదార్ అని పిలిచే ప్రాంతం అది. తురుష్క ప్రభుత్వం ఇచ్చిన సలీమియా సైనిక నివాసమే ఆసుపత్రి. యుద్ధగాథలు పాఠకులకు తెలిసినవే గనుక వాటి జోలికి పోను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ 38 మందిని ఎంపిక చేయడానికి ఏ కొలబద్దా లేదు. కొందరు సన్యాసినులు, కొందరు ఆసుపత్రుల కూలి నర్సులు. ఎవరికి పని వచ్చునో, ఎవరికి రాదో అక్కడికి వెళ్ళాక గాని తెలియలేదు. తాగుడు కారణంగా కొందరిని ఇంటికి తిప్పి పంపవలసి వచ్చింది. శిక్షణ లేని దయ ఎంత నిస్సహాయమైనదో ఆమెకు అక్కడ ప్రత్యక్షంగా తెలిసింది.

మరొక పాఠం ఇంతకంటే కఠినమైనది. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి సుమారు 42 మంది మరణించారు. మార్చిలో ఇంగ్లండు నుండి పారిశుద్ధ్య సంఘం వచ్చి, భవనం క్రింద కుళ్ళిపోతున్న మురుగు కాలువలను బాగుచేయించి, గాలీ వెలుతురూ ప్రవేశపెట్టించింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు పడిపోయాయి. యుద్ధానంతరం గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి లెక్కలు కట్టినప్పుడు ఈ సత్యం పూర్తిగా బయటపడింది. సైనికులను చంపినవి గాయాలకంటే అధికంగా రోగాలు, మురికి. తాను రాత్రింబవళ్ళు శ్రమించిన ఆసుపత్రిలోనే అంతమంది నివారించదగిన కారణాలవల్ల మరణించారని తన లెక్కలే తనకు చెప్పాయి. మరొకరైతే ఆ కాగితాలను దాచివేసేవారేమో! ఆమె వాటిని రంగుల చిత్రపటాలుగా గీయించి ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

యుద్ధం నుండి అనారోగ్యంతో తిరిగివచ్చిన నైటింగేల్ ఆ తరువాత అధిక కాలం మంచం మీదనే గడిపింది. ఆమె పేర ప్రజలు పోగుచేసిన నిధి సుమారు 44,000 పౌన్లు. దానితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం వెలసింది. మేట్రన్ శ్రీమతి వార్డ్‌రోపర్ దాని పర్యవేక్షకురాలు. విద్యార్థినులకు భోజనం, వసతి, దుస్తులు ఉచితం. చేతి ఖర్చులకు సంవత్సరానికి 10 పౌన్లు. శిక్షణ ఒక సంవత్సరం.

ఆ సంవత్సరంలో ఏమి నేర్చుకోవాలో చూడండి. పుండ్లు, కాలిన గాయాలు కడిగి కట్టు కట్టడం, కాపడం పెట్టడం, జలగలు పట్టించడం, ఎనిమా ఇవ్వడం. కదలలేని రోగిని ఒత్తిగిలజేయడం, పడక పుండ్లు రాకుండా కాపాడడం, రోగి పడకపై ఉండగానే దుప్పటి మార్చడం. గంజి, ఆరారూట్ జావ కాయడం. వార్డులోనికి గాలి వచ్చేటట్లు చూడడం. అన్నిటికంటె ముఖ్యం రోగిని గమనించడం: నాడి, శ్వాస, చర్మం, ఆకలి, నిద్ర, తెలివి తప్పడం, మందు పనిచేసిన తీరు. జలగలను తీసివేస్తే తక్కినదంతా నేటి నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఉన్నదే. మన విద్యార్థిని కంఠస్థం చేస్తున్న పుటలలో చాలా భాగం ఈ జాబితాకు వ్యాఖ్యానమే.

మరి పరీక్ష? ఆఖరున జరిగే ఒక్క పరీక్షను ఆమె నమ్మలేదు. దానికి బదులు నెలనెలా ప్రతి విద్యార్థినిపై ఒక పట్టిక నింపాలని నియమం పెట్టింది. అందులో రెండు భాగాలు. ఒకటి శీలానికి సంబంధించినది: వేళకు రావడం, నెమ్మది, నమ్మకం, శుభ్రత, వార్డు నిర్వహణ. రెండవది పనికి సంబంధించినది, అందులో పద్నాలుగు అంశాలు. ప్రతి అంశానికి ఉత్తమం మొదలుకొని సున్న వరకు అయిదు తరగతులు. సంవత్సరాంతాన తృప్తికరమని తోచినవారి పేరు శిక్షణాలయపు రిజిస్టరులో వ్రాసేవారు. విద్యార్థినులు దినచర్య పుస్తకం కూడ వ్రాయాలి. వాటిని నైటింగేల్ స్వయంగా తెప్పించుకొని చదివేది.

ఎంతో చక్కని పద్ధతి అనిపిస్తుంది. కాని ఇందులో ఒక లోపం ఉన్నది. పట్టిక నింపే చేయి ఒక్కటే అయినప్పుడు న్యాయం ఆ ఒక్క చేతి మీదనే ఆధారపడుతుంది. 1872 ప్రాంతంలో నైటింగేల్ తన శిక్షణాలయాన్ని దగ్గరగా పరిశీలించగా మనసు కలచివేసే సంగతులు తెలిశాయి. ఉపన్యాసాలు చెప్పవలసిన వైద్యుడు సంవత్సరాల తరబడి సరిగా చెప్పడం లేదు. పట్టికలలోని తీర్పులు మేట్రన్ ఇష్టాయిష్టాలను అనుసరిస్తున్నాయి. ఆమె వెంటనే ఆ వైద్యుని స్థానంలో జాన్ క్రాఫ్ట్ అనే శస్త్రవైద్యుని నియమింపజేసింది. క్రమంగా ఉపన్యాసాలు, వాటిపై పరీక్షలు మొదలైనవి. విద్యార్థినుల చదువు, నడవడి చూడడానికి వసతిగృహంలో ఒక సిస్టరు ఏర్పడింది. ఇక నైటింగేల్ విద్యార్థినులను ఒక్కొక్కరినే తన గదికి పిలిపించుకొని మాట్లాడి, వారిని గురించి వ్రాసి పెట్టుకొనేది. అంటే పాఠం వచ్చినదో లేదో తెలుసుకొనే పరీక్ష ఆమెకు సమ్మతమే. ఆ పరీక్షే నర్సును తయారుచేస్తుందనడం మాత్రం సమ్మతం కాదు.

ఈ కాలంలోనే ఆమె దృష్టి మన దేశం మీద కూడ నిలిచి ఉన్నది. భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక ఆరోగ్యం, కరవులు, నీటి వసతులు గురించి దశాబ్దాల తరబడి వ్రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, నీటిపారుదల విషయంలో ఆయన వాదాన్ని బలపరచింది. గోదావరి తీరవాసులు కాటన్ దొరను తలచుకొనేటప్పుడు ఆమెను కూడ ఒకమారు తలచుకోవచ్చును.

ఇక అసలు కథ. 1887లో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్‌విక్ అనే వనిత బ్రిటిష్ నర్సుల సంఘాన్ని స్థాపించింది. ఇరువది నాలుగవ ఏటనే లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి మేట్రన్ అయిన గట్టి మనిషి ఆమె. విక్టోరియా రాణి కుమార్తె ఒకరు ఆ సంఘానికి అధ్యక్షురాలు. ఫెన్‌విక్ వాదం సూటిగా ఉండేది. ఎవతె పడితే అవతె తెల్ల కోక చుట్టుకొని నర్సునని చెప్పుకోవచ్చునా? మూడు సంవత్సరాల శిక్షణ, అందరికీ ఒకే పరీక్ష, ఉత్తీర్ణులకు దేశమంతటికీ ఒకే రిజిస్టరు ఉండాలి. లేకుంటే రోగికి రక్షణ ఏది?

నైటింగేల్ దీనిని తీవ్రంగా ప్రతిఘటించింది. వ్రాతపరీక్ష జ్ఞాపకశక్తిని కొలుస్తుంది గాని, రాత్రి రెండు గంటలకు మూలుగుతున్న రోగి దగ్గర చూపే ఓర్మిని కొలవలేదని ఆమె నమ్మకం. ఒకమారు రిజిస్టరులో ఎక్కిన పేరు శాశ్వతంగా ఉంటుంది, మనిషి మాత్రం అలాగే ఉండదు; పది సంవత్సరాల క్రితం మంచి నర్సు నేడు కూడ మంచి నర్సేనని ఆ రిజిస్టరు ఎలా హామీ ఇస్తుందన్నది ఆమె రెండవ ఆక్షేపణ. నర్సుల లోకం రెండుగా చీలిపోయింది. మేట్రన్లు, వైద్యులు ఇరువైపులా చేరారు. 1893లో సంఘానికి రాజశాసనం లభించింది గాని, రిజిస్టరు అనే మాటకు బదులు జాబితా అనే మాట మాత్రమే దక్కింది. ఇరుపక్షాలూ తామే గెలిచామనుకొన్నాయి!

నా మట్టుకు నాకు ఫెన్‌విక్ వైపే మొగ్గు. మంచం దగ్గర లేని అధికారి చేతి కాగితం రోగిని కాపాడలేదన్నది నిజమే. కాని తన మేట్రన్ పట్టికలు ఎంత పక్షపాతంగా ఉండేవో నైటింగేల్‌కే తెలుసు కదా! పేదింటి పిల్లకు, మాట చాతుర్యం లేని పిల్లకు, పెద్దల ప్రాపకం లేని పిల్లకు పేరు తెలియని పరీక్షాధికారియే ఒక్కొక్కప్పుడు నిజమైన న్యాయమూర్తి. ఈ ఒక్క విషయంలో ఆ మహామేధావి తన అనుభవాన్నే పక్కన పెట్టిందేమో అనిపిస్తుంది.

కాలం ఆమె మాట వినలేదు. 1901లో న్యూజీలండ్ నర్సుల నమోదుకు శాసనం చేసింది. అప్పటికి నైటింగేల్‌కు చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందింది. ఆ బిరుదు పొందిన ప్రథమ మహిళ ఆమెయే. 1910 ఆగస్టు 13న తొంబదవ ఏట కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి గౌరవాన్ని ఆమె కోరిక మేరకు బంధువులు నిరాకరించారు. ఈస్ట్ వెల్లో గ్రామంలోని సమాధి ఫలకం మీద ఆమెకు దక్కినది పేరు తొలి అక్షరాలు రెండు, జనన మరణ తేదీలు రెండు.

1919లో ఇంగ్లండులో నర్సుల నమోదు చట్టం వచ్చింది. రిజిస్టరులో మొదటి సంఖ్య ఫెన్‌విక్‌ది. 1925లో తొలి రాజ్య పరీక్ష జరిగింది. చిత్రమేమంటే ఫెన్‌విక్ కూడ తొంబది సంవత్సరాలు బ్రతికి 1947లో మరణించింది. మన వైపు 1926లో మద్రాసు రాష్ట్రపు నర్సుల, మంత్రసానుల చట్టం, 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చాయి. ఈనాడు ఆఖరి పరీక్షకు కూర్చునే మన విద్యార్థిని వ్రాతపరీక్షలో వేరుగా, ప్రాక్టికల్‌లో వేరుగా ఉత్తీర్ణురాలు కావాలి. మొదటిది ఫెన్‌విక్ కోరినది. రెండవదానిలో మాత్రం పరీక్షాధికారి రోగి మంచం ప్రక్కన నిలిచి, ఆ పిల్ల చేతులు కడుక్కున్నదా, రోగికి చెప్పి మరీ సూది వేసినదా, దుప్పటి ముడత లేకుండా పరచినదా అని చూస్తాడు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి మళ్ళీ కనిపించినప్పుడు ఈ కథ కొంత చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది. కాని మధ్యలోనే లేచింది. ప్రాక్టికల్ రికార్డులో ఇంకా మూడు చోట్ల వార్డు సిస్టరు సంతకం కావాలట, ఆ సిస్టరు డ్యూటీ రెండు గంటలకు ముగుస్తుందట.