రామకొండ గుహ – విమలాదిత్య మహారాజు

గుహ యనగానే ఉత్తరాంధ్ర వాసులకు అనంతగిరి కొండలలోని బొర్రా గుహలు స్మరణకు వచ్చును. గోస్తనీ పరిసరములలో నీరు సున్నపురాతిని యుగయుగములుగా కరగించి, బొట్టుబొట్టుగా మరల పేర్చిన శిలారూపములయందు భక్తులు శివలింగమును దర్శించుకొనుచున్నారు. అచట శిల్పి ప్రకృతియే. విజయనగరము జిల్లా నెల్లిమర్లకు చేరువనున్న రామతీర్థములో మరియొక విధమైన గుహ కలదు. దుర్గకొండపైనున్న ఆ సహజ గుహకు పవిత్రత చేకూర్చినది మానవుల తపస్సు. అందలి రాతిపై ఒక కన్నడ శాసనము కలదు. అందు స్మరింపబడిన ప్రభువు వేంగీ చాళుక్య రాజగు విమలాదిత్యుడు.

విమలాదిత్యుడు దానార్ణవ మహారాజు కుమారుడు. 973లో జటాచోడ భీముడు దానార్ణవుని వధించి వేంగీ రాజ్యమును ఆక్రమించెను. రాజకుమారులగు శక్తివర్మ, విమలాదిత్యులు తమిళ దేశమునకు పోయి చోళుల నాశ్రయింపవలసి వచ్చెను. తండ్రిని, రాజ్యమును ఒక్కమారే కోల్పోయి పరుల నీడన కాలము గడపిన వారి మనఃక్లేశము వర్ణింప నలవి కాదు. దాదాపు 27 సంవత్సరముల పిమ్మట రాజరాజ చోళుని తోడ్పాటుతో శక్తివర్మ పూర్వుల సింహాసనమును తిరిగి పొందెను. చోళ చక్రవర్తి తన కుమార్తె కుందవను విమలాదిత్యున కిచ్చి వివాహము చేసెను. అన్నగారి అనంతరము 1011లో విమలాదిత్యుడు పట్టాభిషిక్తుడయ్యెను.

మామగారు తంజావూరున బృహదీశ్వరాలయమును నిర్మించిన పరమ శివభక్తుడు. అట్టివాని అల్లుడైన ఈ రాజు గురువుగా స్వీకరించినది జైన యతియగు త్రికాలయోగి సిద్ధాంతదేవుని. దేశిగణమునకు చెందిన ఆ మహనీయుడు రామకొండకు వచ్చి భక్తితో సేవించుకొనెనని గుహలోని శాసనము తెలుపుచున్నది. ఆ చుట్టుపట్ల గురుభక్తులకొండపై బౌద్ధ విహారముల శిథిలములు కలవు. కొండలయందు తీర్థంకరుల ప్రతిమలు కలవు. బోధికొండ చెంత శ్రీరామచంద్రుడు కొలువైయున్నాడు. ఇన్ని మార్గముల వారు ఈ కొండలనే ఆశ్రయించుట గమనింపదగినది.

జైన గురువును స్వీకరించినంత మాత్రమున రాజు ఇతర ధర్మములకు విముఖుడయ్యెనా? ఆయన దానములను పరిశీలించినచో ఈ సందేహము తీరును. 1013-14 ప్రాంతమున కావేరీ తీరమందలి తిరువయ్యారు శివాలయమునకు వెండి కలశములు సమర్పించినాడు. తన పాలనలోని ఎనిమిదవ ఏట రణస్తిపూడి గ్రామమును బ్రాహ్మణుడైన తన మంత్రి వజ్రునకు దానమిచ్చినాడు. గురువుపై నిష్ఠ ఆయన యౌదార్యమునకు అడ్డు రాలేదు.

అయినను ఇంతటి శాంతచిత్తుడు తన ఇంట శాంతిని స్థిరపరుపజాలకపోయెను. ఆయన అనంతరము కుందవ కుమారుడు రాజరాజ నరేంద్రునకు, మరియొక రాణి కుమారుడు విజయాదిత్యునకు రాజ్యమునకై వైరము కలిగెను. రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడైనను ఆ కలహము ఆయనను చిరకాలము వెన్నాడెను. అన్నదమ్ముల బిడ్డల పోరును వర్ణించు మహాభారతమును తెలుగు చేయుమని నన్నయ భట్టారకుని కోరినవాడు ఆ రాజరాజ నరేంద్రుడే. దాయాదుల పోరు తెచ్చు అనర్థము ఆయనకు స్వానుభవమున తెలిసిన విషయమే గదా!

రాజ్యము పోయినది, వంశమును కాలగర్భమున కలిసినది. గుహలోని శాసనము మాత్రము మిగిలినది. వేంగీశ్వరుని నామము అచట గురువుగారి యాత్రకు తోడుగా నిలిచియున్నది. రామతీర్థమునకు యాత్ర చేయు భక్తులు స్వామిని దర్శించిన పిమ్మట వీలైనచో ఆ కొండలవైపు ఒకమారు చూపు సారింతురు గాక! అచటి రాతిపై తమ పేర్లు చెక్కక, ఆ ప్రభువు చూపిన వినయమును హృదయమున నిలుపుకొందురు గాక!