తెరపై ప్రశ్నను నిలిపిన దర్శకుడు - టి. కృష్ణ

హింసను చూపే చలనచిత్రాలు ఎన్నో ఉన్నాయి. ఆ హింసకు గురైన మనిషి మరునాడు నలుగురిలో ఎలా తలెత్తుకొని బ్రతకాలో ఆలోచింపజేసిన చిత్రాలు మాత్రం కొన్నే. తెలుగులో అటువంటి చిత్రాలను రూపొందించిన దర్శకులలో టి. కృష్ణ ముఖ్యులు.

తొట్టెంపూడి కృష్ణ 1950 సెప్టెంబరు 1న జన్మించారు. వీరిది ప్రకాశం జిల్లా. ఒంగోలులో కళాశాల విద్య నభ్యసించారు. ప్రజా నాట్యమండలి సంప్రదాయం వీరిని ప్రభావితం చేసింది. కళ ప్రజల కష్టసుఖాలను పలకాలనే విశ్వాసం ఆ రోజులలోనే వీరి మనసులో నాటుకొంది. ఒంగోలు మిత్రులైన మాదాల రంగారావు, పోకూరి బాబూరావు కూడా తరువాత చిత్రసీమలో అదే మార్గాన నడిచారు.

బాబూరావు నిర్మించిన 'నేటి భారతం' చిత్రంతో 1983లో కృష్ణ దర్శకులయ్యారు. స్వాతంత్ర్యం వచ్చినా సామాన్యుని బ్రతుకు మారలేదన్న ఆవేదన ఆ చిత్రానికి ప్రాణం. 1985లో 'దేశంలో దొంగలు పడ్డారు', 'వందేమాతరం', 'దేవాలయం', 'ప్రతిఘటన' చిత్రాలు వెలువడ్డాయి.

వీటిలో 'ప్రతిఘటన' అశేష ప్రజాదరణ పొందింది. కథానాయిక ఝాన్సీ కళాశాల అధ్యాపకురాలు. పట్టపగలు జరిగిన హత్యను చూసి, ప్రాణభయం లేక సాక్ష్యమివ్వడానికి ఆమె ముందుకు వచ్చింది. అందుకు ప్రతీకారంగా దుండగుడు నడివీథిలో ఆమెను వివస్త్రను చేశాడు. జనం చూస్తూ నిలబడ్డారు. భర్త అండగా నిలువలేకపోయాడు. అంతకన్న బాధాకరమైన ఘట్టం తరగతి గదిలో ఎదురయింది. తాను చదువు చెప్పే విద్యార్థులే నల్లబల్లపై ఆమె నగ్న చిత్రాన్ని గీశారు. ఆమె వారిని దండించలేదు; స్త్రీని అవమానించడమంటే తల్లిని అవమానించడమేనని తెలియజెప్పింది. వేటూరి రచించగా ఎస్. జానకి ఆలపించిన ఆ పాట నేటికీ శ్రోతల మనసులను కదిలిస్తుంది. ఝాన్సీ పాత్రకు విజయశాంతి నంది పురస్కారం అందుకున్నారు. ఈ కథ 1987లో 'ప్రతిఘాత్' పేరుతో హిందీ తెరకెక్కింది.

చట్టం చేతులు ముడుచుకొన్నప్పుడు ఝాన్సీ చివరకు గొడ్డలి పట్టింది. హింసకు హింసే సమాధానమా అనే సందేహం ఇక్కడ సహజంగా కలుగుతుంది. అయితే సాక్షికి రక్షణ ఇవ్వని వ్యవస్థ, నోరు మెదపని సమాజం కలిసి ఆమెను అక్కడికి నెట్టిన తీరును దర్శకులు మరుగుపరచలేదు. ఆ గొడ్డలి వేటు వెనుక మనందరి మౌనం ఉంది.

1986లో 'రేపటి పౌరులు' విడుదలయింది. అప్పటికే కృష్ణ దృష్టి రాబోయే తరంపై నిలిచిందని ఆ పేరే చెబుతుంది. కాని కాలం వీరికి గడువివ్వలేదు. క్యాన్సర్ వ్యాధితో 1986 అక్టోబరు 21న, 36 ఏండ్ల వయసులోనే కన్నుమూశారు. వీరి కుమారుడు గోపీచంద్ నటునిగా ప్రసిద్ధులు.

కృష్ణ దర్శకునిగా పనిచేసింది నాలుగేండ్లకు మించదు. అయినా వీరు లేవనెత్తిన ప్రశ్నకు కాలదోషం పట్టలేదు. గోదావరిఖనిలో గని కార్మికుల బిడ్డలు కూర్చునే తరగతిలోనైనా, మహానగరపు కళాశాలలోనైనా, ఒకరిని నలుగురు చేరి అవమానిస్తున్నప్పుడు మిగిలినవారు ఏమి చేయాలి? నల్లబల్లపై గీతను చెరిపే చేయి ఒక్కటైనా ముందుకు రావాలి. విద్యార్థులు ఆ చేయి తమదిగా చేసుకొన్ననాడే కృష్ణ శ్రమ సార్థకమవుతుంది.